పది సెంట్ల బిళ్ళకు మూడు ధరలు

అమెరికాకు పోయినోళ్ళు ఊరికి వచ్చినప్పుడు వాళ్ళ జేబుల మిగిలిన చిల్లర పిల్లల చేతుల పడ్తది. అండ్ల అన్నిటికంటె చిన్న బిళ్ళ పేరు డైమ్. డాలర్ల పదో వంతు, అంటే పది సెంట్లు. మన లెక్కల పది రూపాయల లోపే. గని ఫోన్ తెరిస్తె, పాత డైమ్ ఉంటే నువ్వు లక్షాధికారివే అని వీడియోల ఒకటే మోత. తమ్ముళ్ళు నాకు వాట్సప్‌ల ఫోటోలు పెట్టి, అన్నా ఇది ఎంతకు పోతది అని అడుగుతరు. అందుకే జర వివరంగ రాస్తున్న.

మొదలు ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలె. పాత డైమ్‌కు మూడు ధరలుంటయి. ఒకటి దాని మీద అచ్చయిన ధర. రెండోది అండ్ల ఉన్న వెండి ధర. మూడోది సేకరించేటోళ్ళు పెట్టే ధర. ఈ మూడింటిని కలగలిపి చూపెట్టుడే మోసగాళ్ళ పని. విడదీసి చూసుకునుడు మన పని.

ముందుగాల వెండి సంగతి. 1964 దాక వాడకానికి కొట్టిన డైమ్‌ల నూటికి 90 పాళ్ళు వెండి, 10 పాళ్ళు రాగి. బరువు 2.5 గ్రాములు. అంటే ఒక్కో బిళ్ళల 2.25 గ్రాముల అసలు వెండి ఉంటది. ఇయ్యాల గ్రాము వెండి ఎంతున్నదో చూసి 2.25తోని గుణిస్తే లెక్క తేలుతది. గ్రాము 100 రూపాయలనుకుంటే బిళ్ళల 225 రూపాయల వెండి. అమ్మేకాడ కొంత తరుగు పోతది, అది వేరే ముచ్చట.

మరి 1965ల ఏమైంది? ఫోటో ఫిలిములకు, కరెంటు సామాన్లకు వెండి గిరాకి బాగ పెరిగింది. అమెరికా ఖజానా తన దగ్గరున్న వెండిని ఔన్సుకు 1.29 డాలర్ల చొప్పున అమ్ముకుంట ధరను తొక్కిపట్టింది. ఆ ధర 1.38 దాటితే డైమ్‌ల ఉన్న వెండే పది సెంట్ల కంటె ఎక్కువైతది. అప్పుడు దుకాణంల ఖర్చు పెట్టుడు కంటె కరగబెట్టుకునుడే లాభం. అందుకే 1965 జులై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం పెట్టిండు. డైమ్‌ల వెండి మొత్తం పోయింది. లోపల రాగి, రెండు దిక్కుల రాగి-నికెల్ పొర మిగిలింది.

సంతకం పెట్టిననాడే జాన్సన్ జనానికి ఒక మాట చెప్పిండు. ఖజానాల వెండి మస్తుగున్నది, ధరను పెరగనియ్యం, పాత బిళ్ళలు దాసుకుంటే లాభమేం రాదన్నడు. రెండేండ్లకే, 1967ల, ఖజానా ఆ ధరకు అమ్ముడు బంద్ పెట్టింది. వెండి బిళ్ళలు కరగబెట్టొద్దని అదే ఏడు నిషేధం తెచ్చి, 1969ల ఎత్తేసింది. 1980 జనవరిల హంట్ అన్నదమ్ములు వెండిని గుట్టలు గుట్టలు కొనిపెట్టిన కాలంల ధర ఔన్సుకు 50 డాలర్ల దగ్గరికి పోయింది. ఎన్నో పాత బిళ్ళలు అప్పుడే కొలిమిల పడ్డయి.

నేను చూసేది ఇక్కడనే. పక్కకు పెట్టుకునే స్తోమత ఉన్నోడు వెండిని దాసుకున్నడు. ఏ రోజు కూలి ఆ రోజే తినేటోడు వెండి బిళ్ళను దుకాణంల ఇచ్చేసిండు, మళ్ళ అతని చేతికి వచ్చింది రాగి బిళ్ళ. మన దేశంల గూడ గిదే నడిచింది. 1940కి ముందు రూపాయిల నూటికి 91 పాళ్ళకు పైన వెండి ఉండె. 1940ల అది సగానికి దిగింది, 1947ల రూపాయి నికెల్ బిళ్ళ అయింది.

ఇగ మీ చేతుల ఉన్నది వెండిదా కాదా ఎట్ల తెలుస్తది? ఏడు చూడుండ్రి. 1964 గని అంతకు ముందుది గని అయితే వెండి. తర్వాత అంచు చూడుండ్రి. వెండి బిళ్ళ అంచు అంత ఒకటే తెలుపు ఉంటది, కొత్తదానికి నడుమ ఎర్రటి రాగి గీత కనవడ్తది. కొత్తదాని బరువు గూడ 2.27 గ్రాములే. అయస్కాంతానికి రెండూ అతుక్కోవు, అతుక్కున్నదంటే అది నకిలీ. 1992 నుంచి సేకరించేటోళ్ళ కోసం ప్రత్యేకంగ వెండి డైమ్‌లు కొడ్తున్నరు గని, అవి చిల్లరల వచ్చేటియి కావు.

మూడో ధరకు వద్దాం. పాతదైతే చాలు ధర పలుకుతదనుకుంటే తప్పు. తక్కువ కొట్టి ఉండాలె, అరగకుంట ఉండాలె, కావాలనేటోళ్ళు ఉండాలె. రూజ్‌వెల్ట్ బొమ్మ డైమ్ 1946ల వచ్చింది. పోలియోతోని కాళ్ళు పడిపోయిన ఆ అధ్యక్షుడు మొదలుపెట్టిన పోరాటానికి జనం ఒక్కో డైమ్ చందా పంపిండ్రు, అందుకే ఆయన బొమ్మ ఆ బిళ్ళ మీదికి ఎక్కింది. 1964 ఏడు అచ్చున్న డైమ్‌లు 200 కోట్లు దాటినయి, కాబట్టి మామూలుగ అవి వెండి ధరకే పోతయి.

అంతకు ముందటిది 1916 నుంచి 1945 దాక వచ్చిన మెర్క్యురీ డైమ్. నిజానికి అండ్ల ఉన్నది రెక్కల టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవి. జనం రోమన్ దేవుడు మెర్క్యురీ అనుకున్నరు, ఆ పేరే నిలిచింది. 1944ల ఒక్క ఫిలడెల్ఫియాలనే ఇవి 23 కోట్లకు పైన కొట్టిండ్రు. గని 1916ల డెన్వర్ టంకశాల కొట్టినయి 2,64,000 మాత్రమే. వెనుక దిక్కు కట్టెల మోపు పక్కన చిన్న డి అక్షరం ఉంటది. బాగ అరిగినదైనా వందల డాలర్లు పలుకుతది. అందుకే మామూలు బిళ్ళకు డి అతికించి అమ్మేటోళ్ళు గూడ ఉన్నరు. ఇంక 1894ల శాన్‌ఫ్రాన్సిస్కోల కొట్టినయి 24 మాత్రమే. 2016ల ఒకటి వేలంల దాదాపు 20 లక్షల డాలర్లకు పోయింది. వీడియోలోళ్ళు చూపెట్టే లక్షలు గివి. మీ డబ్బాల ఉన్న బిళ్ళ గిది కాదు.

ఒక జాగ్రత్త. బిళ్ళ నల్లగైందని చింతపండుతోనో పళ్ళపొడితోనో తోమకుండ్రి. తోమిన బిళ్ళను సేకరించేటోళ్ళు ఒక్క చూపుల పట్టేస్తరు, ధర సగం పడిపోయినా పడిపోతది.

రెండో జాగ్రత్త ఇంక పెద్దది. మీ బిళ్ళకు లక్షలిస్తం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టుండ్రి, టాక్స్ కట్టుండ్రి అని ఎవడన్న ఫోన్ చేస్తే అది పక్కా మోసం. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇట్ల దండుకుంటున్నరని 2021 ఆగస్టుల ఆ బ్యాంకే హెచ్చరించింది. ఇసొంటి బేరాలల్ల మేము లేము, ఫీజులు, కమీషన్లు అడగమని తేల్చి చెప్పింది. నిజంగ కొనేటోడు మీకు పైసలిస్తడు, మిమ్ములను అడగడు.

కాబట్టి బిళ్ళ దొరికితే ముందు ఏడు చూడుండ్రి, అంచు చూడుండ్రి, తూకం వేయుండ్రి. 2.25తోని గుణించుండ్రి. ఆ లెక్క చేతుల ఉన్నంక ఎవడేం చెప్పినా మీకు భయం లేదు.