పాత మోటారు సైకిలుకు ఆయిల్ కూలర్ అవసరమా?

గ్రామములందు మోటారు సైకిలు నేడు విలాస వస్తువు కాదు. పాలు కేంద్రమునకు చేర్చుటకు, మండల కార్యాలయమునకు పోయి వచ్చుటకు, రోగిని వేళకు ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అదియే ఆధారము. వానిలో పది, ఇరువది ఏండ్లు పైబడిన బండ్లు అనేకము. మహేశ్వరము వైపు నుండి పెండ్లి బట్టలకై పత్తర్‌గట్టికి, గాజులకై లాడ్‌బజారుకు వచ్చువారు చాంద్రాయణగుట్ట దాటినది మొదలు ఫలక్‌నుమా, అలియాబాదు, శాలిబండల మీదుగా చార్మినారు వైపు పలుమార్లు నడక వేగముతో సాగవలసి వచ్చును. మే మాసములో పైన 40 డిగ్రీల ఎండ, క్రింద కాగిన ఇంజను. అట్టి వేళ "ఆయిల్ కూలర్ పెట్టించండి, వేడి బాధ తీరిపోవును" అను సలహా వినవచ్చుచుండును. ఖర్చుతో కూడిన ఈ సలహాను ఏ మేరకు పాటింపవలెనో పంచాయతీ సభ్యులు తెలిసికొని, ఊరివారికి తెలియజెప్పుట మేలని తలచి ఈ విషయమును ఇచట వివరించుచున్నాము.

ఇంజను చల్లబడు విధము

ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే బండిని నడుపును. మిగిలినది వేడిగా మారి, కొంత పొగగొట్టము గుండా, కొంత సిలిండరు గోడల గుండా బయటికి పోవలెను. సిలిండరు చుట్టును కానవచ్చు పలుచని లోహపు రెక్కలు ఇందుకొరకే ఏర్పడినవి. బండి ముందునకు సాగునపుడు ఆ రెక్కల నడుమ వీచు గాలి వేడిని కొనిపోవును. ఇంజను ఆయిల్ కూడ పిస్టను నుండి, వాల్వుల నుండి వేడిని గ్రహించి చల్లని భాగములకు చేర్చును. ఆయిల్ కూలర్ అనగా రెక్కలతో కూడిన చిన్న జాలి పెట్టె. వేడి ఆయిల్ దాని గొట్టములలో ప్రవహించుచుండగా, ఎదురుగాలి దానిని చల్లబరచును.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. రెక్కలకు గాని, కూలరుకు గాని పని చేయించునది గాలియే. శాలిబండ వద్ద బండి నిలిచిపోయినపుడు రెక్కలకు అందని గాలి కూలరుకు మాత్రము ఎట్లు అందును? ముందున్న ఆటోల పొగ, తారు రోడ్డు సెగ, ఇవియే దానికి తగులును. కూలరు వలన ఆయిల్ పరిమాణము కొంచెము పెరిగి వేడెక్కుట కొంత ఆలస్యము కావచ్చును. అంతకు మించి ఇరుకు వీథుల రద్దీలో దాని వలన మేలు స్వల్పము. ఎక్కువ వేగముతో ఎక్కువ దూరము, లేదా బరువుతో కొండదారుల నడచు బండికే అది నిజముగా ఉపకరించును.

ఏ బండికి ఏమి

మద్రాసు సమీపమున తిరువొత్తియూరులో తయారైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మన ప్రాంతములందు పేరు పొందిన పాత బండి. 1955లో ఇంగ్లండు సంస్థతో కలిసి మద్రాసు మోటార్స్ వారు ఈ పరిశ్రమను ఆరంభించిరి. పోతయినుముతో చేసిన దాని 350 సీసీ ఇంజను దశాబ్దముల పాటు పెద్ద మార్పు లేక సాగినది. దానికి కర్మాగారము ఆయిల్ కూలరును అమర్చలేదు. అదే సంస్థ 2016లో తెచ్చిన 411 సీసీ హిమాలయన్ బండికి మాత్రము కూలరును తానే అమర్చినది. పర్వత మార్గములలో బరువుతో నడచుటకు ఆ బండి ఉద్దేశింపబడినది. దీనిని బట్టి అవసరము బండి చేయు పనిని అనుసరించి ఉండునని తెలియుచున్నది.

నూరు సీసీ హీరో హోండా వంటి చిన్న బండ్లకు కూలరు ఊసే అక్కరలేదు. వాని ఇంజనులో పుట్టు వేడి తక్కువ. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు, రాజ్‌దూత్, యమహా ఆర్ఎక్స్ 100 వంటివి టూ స్ట్రోకు ఇంజనులు. వానిలో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోవును. తిరిగి తిరిగి ప్రవహించు ఇంజను ఆయిల్ ఉండదు. కావున వానికి ఆయిల్ కూలరు అమర్చుట అను ప్రశ్నయే లేదు.

చల్లదనము మితిమీరినను కీడే

ఆయిల్ ఎంత చల్లగా నుండిన అంత మంచిదని కొందరి నమ్మకము. అది సరికాదు. పెట్రోలు కాలునపుడు పుట్టిన నీటియావిరి కొంత ఆయిల్‌లో చేరును. ఆయిల్ బాగుగా వేడెక్కిననే ఆ నీరు ఆవిరియై పోవును. లేనిచో బురద వంటి మడ్డి యేర్పడి, ఆయిల్ దారులను మూయును. ఇంటినుండి పొలమునకు రెండు కిలోమీటర్లు పోయి వచ్చు బండిలో ఆయిల్ అసలే సరిగా కాగదు. చలికాలమున దానికి కూలరు తగిలించుట రోగము లేనివానికి మందు పోసినట్లగును. పైగా కొత్త గొట్టములు, కొత్త అతుకులు చేరిన కొలది ఆయిల్ కారు అవకాశము పెరుగును. దారిలో ఒక గొట్టము ఊడినచో ఆయిల్ అంతయు పోయి ఇంజను పట్టివేయును.

ముందు చేయవలసిన పనులు

ఇంజను అధికముగా వేడెక్కుచున్నదన్న, మొదట ఈ క్రింది వానిని చూడవలెను.

1. రెక్కల నడుమ పేరుకొన్న మన్నును, ఆయిల్ జిగటను ఇంజను చల్లారిన పిదప శుభ్రము చేయవలెను. రెక్కలకు గాలి సోకకుండ ముందు వైపు రేకులు, సంచులు కట్టరాదు.

2. బండి పుస్తకములో చెప్పిన రకము ఆయిల్‌నే వాడి, గడువు తప్పక మార్పించవలెను. పాత బుల్లెట్టు రాత్రంతయు నిలిచినపుడు ట్యాంకులోని ఆయిల్ క్రిందికి దిగి, కొలపుల్ల తక్కువ చూపవచ్చును. అది చూచి అదనముగా పోయరాదు. బండిని కొంతసేపు నడిపిన వెంటనే కొలత చూడవలెను.

3. కార్బురేటరులో పెట్రోలు పాలు తక్కువైనను, ప్లగ్ నిప్పు రవ్వ ఆలస్యముగా పడినను ఇంజను కాగిపోవును. వీనిని మెకానిక్ చేత సరిచేయించవలెను.

4. బ్రేకు పట్టి ఉన్నదేమో, చైను మరీ బిగిసినదేమో, బరువు మితిమీరినదేమో పరిశీలింపవలెను.

5. రద్దీలో నిమిషమునకు మించి నిలువవలసి వచ్చినచో ఇంజను ఆపవలెను. సగము క్లచ్చి పట్టి ఈడ్చరాదు. కాగిన ఇంజనుపై నీళ్లు పోయరాదు, లోహము పగులవచ్చును. నీడన పదిహేను నిమిషములు ఆగుట ఉత్తమము.

ఇవన్నియు చేసిన పిదపను అనుమానము తీరనిచో, అరగంట ప్రయాణము తరువాత ఆయిల్ వేడిమిని కొలిపించవలెను. 90 మొదలు 110 డిగ్రీల వరకు ఉండుట ఆరోగ్య లక్షణము. మాటిమాటికి 130 దాటుచున్నపుడు మాత్రమే కూలరును గూర్చి ఆలోచింపవచ్చును. అప్పుడును ఆయిల్ కాగిన పిదపనే దారి తెరచు థర్మోస్టాటు ఉన్న దానిని, ఎదురుగాలి నేరుగా తగులు చోట, అనుభవము గల మెకానిక్ చేతనే పెట్టించవలెను. చేయి పెట్టి చూచి "కాలుచున్నది" అని నిర్ణయించుట కొలత కాదు. గాలితో చల్లబడు ఇంజను సరిగా నున్నపుడును చేతికి కాలును.

పంచాయతీల బాధ్యత

ఆయిల్ వేళకు మార్పించుడని చెప్పునపుడు, తీసిన ఆయిల్‌ను ఏమి చేయవలెనో కూడ చెప్పవలెను. దానిని మురుగు కాలువలో గాని, బావి చెంత నేలపై గాని పారబోయుట త్రాగునీటికి ముప్పు. 2016 నాటి నియమావళి ప్రకారము వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థము. ఊరిలోని మరమ్మతు దుకాణములందు మూతగల డబ్బాలలో దానిని నిలువచేయించి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గల సేకరణదారులకు అప్పగించు ఏర్పాటును పంచాయతీ చేయవచ్చును.

పాత బండిని కాపాడునది కొత్త పరికరము కన్న క్రమమైన సంరక్షణయే. కూలరుకై తీసిన సొమ్ముతో ముందుగా మంచి ఆయిల్, శుభ్రత, సరియైన సర్వీసు సమకూర్చుకొన్నచో, పెక్కు బండ్లకు ఆ కూలరు అవసరమే కలుగదు. ఈ సంగతిని గ్రామస్థులకు, విశేషించి యువకులకు, సభ్యులు తెలియజెప్పుదురని ఆశించుచున్నాము.