ఈస్ట్ లేకుండా ఐరిష్ రొట్టె ఎలా పొంగింది?

ఐర్లాండ్ పల్లెల్లో పూర్వం ఇళ్లలో కాల్చుకున్న సోడా రొట్టెకు కావలసినవి నాలుగే: గోధుమపిండి, ఉప్పు, వంటసోడా, మజ్జిగ. ఈస్ట్ లేదు, ఓవెన్ లేదు. మరి రొట్టె ఎలా తయారైంది?

ఈస్ట్ ఎందుకు వాడలేదు?
ఆ చల్లని, తేమ నేలల్లో పండేది మెత్తరకం గోధుమ. దానిలో గ్లూటెన్ తక్కువ. ఈస్ట్ గంటల తరబడి వదిలే వాయువును పట్టి ఉంచాలంటే పిండి బాగా సాగాలి. ఆ గుణం గ్లూటెన్ వల్లే వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో వంటసోడా ఇళ్లకు చేరాక ఆ చిక్కు తీరింది.

మజ్జిగే ఎందుకు?
వెన్న చిలికాక పుల్లమజ్జిగ ఎలాగూ మిగులుతుంది. దానిలోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పిండి పొంగుతుంది. ఆలస్యం చేస్తే ఆ వాయువు పోతుంది. అందుకే పిండిని పిసకరు, వేళ్లతో చప్పున కలిపి వెంటనే నిప్పుమీదికి ఎక్కిస్తారు. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

ఓవెన్ లేకుండా ఎలా కాల్చారు?
బాస్టిబుల్ అనే మూతగల ఇనుప కుండలో ముద్ద పెట్టి, పీట్ నిప్పుమీద ఉంచేవారు. పీట్ అంటే బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన ఇంధనం. మూతమీద కూడా నిప్పులు పేర్చేవారు, మన దమ్ బిర్యానీకి చేసినట్టే. వేడి రెండువైపులా తగిలేది. ఉత్తరాన అల్స్టర్‌లో మాత్రం గుండ్రంగా ఒత్తి, నాలుగు ముక్కలు చేసి పెనంమీద తిప్పి కాల్చేవారు. వాటిని ఫార్ల్ అంటారు.

పైన అడ్డంగా నిలువుగా గాటు ఎందుకు?
గాటు వెంట వేడి లోపలికి చేరి, మందమైన ముద్ద మధ్యలో పచ్చిగా మిగలదు. కాలాక నాలుగుగా తుంచుకోవడమూ తేలిక. ఆ శిలువ ఆకారాన్ని దీవెనగా భావించిన కుటుంబాలూ ఉన్నాయి.

కాలిందని ఎలా తెలుస్తుంది?
అడుగున వేలితో తడితే బోలు శబ్దం రావాలి. పైపొర మెత్తగా ఉండాలంటే బట్టలో చుట్టాలి. కొవ్వు వేయని ఈ రొట్టె త్వరగా ఎండిపోతుంది కాబట్టి తరచుగా తాజాగా కాల్చుకోవాల్సిందే.

మనం చేయవచ్చా?
తప్పకుండా. 450 గ్రాముల మైదాకు చెంచా సోడా, చెంచా ఉప్పు, సుమారు 350 మి.లీ. చిక్కని పుల్లమజ్జిగ పోయండి. నీళ్ల మజ్జిగైతే పులుపు చాలక రొట్టె సరిగా పొంగదు.