స్థానిక ప్రజా ఉద్యమాలు (గుంటూరు, ప్రకాశం ప్రాంతం)

ఒక గ్రామం లేదా ఒక పేట ప్రజలు తమ ఊరికి సంబంధించిన సమస్యను తామే గుర్తించి, దాని పరిష్కారానికి సంఘటితంగా చేసే ప్రయత్నాన్ని స్థానిక ప్రజా ఉద్యమం అంటారు. పన్నుల భారం, త్రాగునీరు, కాలువలు, రహదారులు, పాఠశాలలు మొదలైనవి ఇటువంటి ఉద్యమాలకు ప్రధాన విషయాలు. ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రత్తి, మిరప పంటలకు పేరుపొందిన గుంటూరు, ప్రకాశం ప్రాంతానికి ఈ విషయంలో ప్రత్యేకమైన చరిత్ర ఉంది. 1921-22 సంవత్సరాలలో ఇక్కడ జరిగిన చీరాల-పేరాల ఉద్యమం, పెదనందిపాడు పన్నుల నిరాకరణోద్యమం భారత స్వాతంత్ర్యోద్యమంలో ముఖ్య ఘట్టాలుగా నిలిచాయి. అయితే ఈ రెండూ మొదట ఊరి సమస్యలుగానే మొదలయ్యాయా, జాతీయోద్యమం ఊరికి వచ్చిందా అన్నది పరిశీలిస్తే రెండింటి స్వభావంలోని తేడా తెలుస్తుంది.

ప్రాంతము

గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. చీరాల, వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. కనుక ఈ వ్యాసంలోని సంఘటనలు జరిగిన కాలానికి ఉన్న జిల్లాలకూ ఇప్పటి జిల్లాలకూ తేడా ఉన్నదని పాఠకులు గమనించాలి.

ఈ ప్రాంతంలో సముద్రతీరాన ఇసుక నేలలు, కృష్ణా కాలువల క్రింద మాగాణి, వాటికి పడమరగా నల్లరేగడి మెట్ట ఉన్నాయి. నేల తీరునుబట్టి సమస్యలు కూడా మారుతూ వచ్చాయి. తీరాన చేనేత కార్మికులకు పన్ను, మెట్ట రైతుకు శిస్తు, నీరు ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి.

సమాచార వ్యాప్తి - గ్రంథాలయాలు

ఏ ఉద్యమానికైనా మొదటి అవసరం సమాచారం. ఏ పన్ను ఎంత పెరిగింది, ఏ ఉత్తర్వు ఎప్పుడు వచ్చింది, ఎవరికి అర్జీ పెట్టుకోవాలి అన్న విషయాలు తెలియనిదే ప్రజలు కదలలేరు. పూర్వం ఊరిలో దండోరా, రచ్చబండ, సంతలు ఈ పని చేసేవి. కానీ దండోరా ద్వారా వచ్చేది అధికారుల మాట మాత్రమే. ప్రజలు తమంతట తాము చదివి, చర్చించుకొనే చోటు గ్రంథాలయోద్యమంతో ఏర్పడింది.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య ఈ ఉద్యమానికి ప్రధాన నిర్వాహకుడు. ఆ తరువాత గ్రామాలలో పఠన మందిరాలు విస్తరించాయి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం స్థాపించబడింది. దీని భవనానికి 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన చేశాడు. పాత తెలుగు పత్రికల సంచికలను భద్రపరచిన గ్రంథాలయంగా ఇది పరిశోధకులకు సుపరిచితం. 1935లో పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో గుంటూరు జిల్లాలోని కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. కాలువ గట్టున ఉన్న ఊళ్ళవారికి పుస్తకాలు పడవలో వచ్చేవి.

ఈ గ్రంథాలయాలలో పత్రికలను ఒకరు పైకి చదువుతుంటే చదువురానివారు కూర్చుని వినేవారు. ఒక పత్రిక ప్రతి ఈ విధంగా అనేక కుటుంబాలకు చేరేది. చదివిన విషయంపై అక్కడే చర్చ జరిగేది. చర్చ తరువాత అర్జీ వ్రాయగలిగినవారు కూడా అక్కడే దొరికేవారు. స్థానిక ఉద్యమాలకు గ్రంథాలయం ఉపయోగపడినది ఈ కారణం చేతనే.

చీరాల-పేరాల ఉద్యమం

ప్రధాన వ్యాసం: చీరాల-పేరాల ఉద్యమం

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న రెండు గ్రామాలు. అప్పటికి రెండింటి జనాభా సుమారు 15,000. జనాభాలో నేత పనివారు, చిన్న వర్తకులు ఎక్కువ. అంతకు ముందు స్థానిక పరిపాలన పంచాయితీ యూనియన్ ద్వారా జరిగేది. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. పారిశుద్ధ్యం, దీపాలు, రోడ్లు మెరుగుపడతాయని ప్రభుత్వ వాదన.

ఈ మార్పువలన పన్నుల భారం విపరీతంగా పెరిగింది. చరిత్ర గ్రంథాలలో కనిపించే లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 రూపాయలకు చేరింది. మగ్గంమీద బ్రతికే కుటుంబాలకు ఇది మోయరాని భారం. ఇంత పన్ను చెల్లించినా మంచినీరు, మురుగు కాలువలు వంటి సౌకర్యాలు తమకు అందుతాయన్న నమ్మకం ప్రజలకు కలుగలేదు. ప్రజలు కోరినది అభివృద్ధి వద్దని కాదు. తమ శక్తికి మించిన ఏర్పాటును తమను అడగకుండా రుద్దవద్దని.

ప్రజలు మొదట అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేయగా ప్రభుత్వం జీతంపై అధికారిని నియమించి పరిపాలన కొనసాగించింది. ప్రజలు పన్ను కట్టడం మానివేశారు. పన్ను చెల్లించనందుకు పన్నెండు మందికి జైలు శిక్ష పడింది. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే మహిళ కూడా ఉంది. అప్పుడు మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఉండేది. స్థానిక స్వపరిపాలన శాఖను పానగల్లు రాజా నిర్వహించాడు. స్థానిక స్వపరిపాలన పేరుతో ఏర్పడిన శాఖయే స్థానికుల కోరికను త్రోసిపుచ్చడం ఈ ఉద్యమంలోని ముఖ్యమైన వైరుధ్యం.

ఉద్యమానికి నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889-1928). ఎడింబరోలో ఉన్నత విద్య అభ్యసించిన ఇతడు వక్త, గాయకుడు, పండితుడు. ఇతడు రామదండు అనే స్వచ్ఛంద సేవాదళాన్ని ఏర్పాటు చేశాడు. ప్రజలకు తెలిసిన రామకథలోని పేర్లు, పాటలు, వేషం ద్వారా క్రమశిక్షణను అలవాటు చేయడం రామదండు ప్రత్యేకత. జాతర్లు, సభలలో ఏర్పాట్లు చూడడం, ఊరిలో శాంతిని కాపాడడం వీరి పనులు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగింది. ఆ తరువాత ఏప్రిల్‌లో గాంధీ చీరాలకు వచ్చాడు. అహింసను పాటిస్తూ పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం, లేదా ఊరు విడిచి పురపాలక సంఘం సరిహద్దు బయట నివసించడం అనే రెండు మార్గాలను ఆయన సూచించాడు. ప్రజలు రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు. ఊరిలో మనుషులు లేకపోతే పురపాలక సంఘానికి పన్ను వేయడానికి ఆధారమే ఉండదన్నది దీనిలోని తర్కం.

ఇళ్ళు విడిచి వెళ్ళినవారు జనాభాలో అత్యధిక సంఖ్యాకులు. సరిహద్దు బయట ఇసుక నేలలో తాటాకులు, వెదుళ్ళతో వేసుకున్న పాకల ఊరికి రామనగరం అని పేరు పెట్టారు. అక్కడ వివిధ కులాల ప్రతినిధులతో పంచాయితీ ఏర్పడింది. తగవులు అక్కడే తీర్చుకున్నారు. ఎండలో, వానలో, చలిలో సుమారు పదకొండు నెలలు ఈ జీవితం సాగింది. మగ్గాలు లేని చోట నేత పనివారికి ఆదాయం ఎలా వస్తుందన్నది రోజురోజుకూ పెద్ద సమస్య అయింది. విరాళాలపై ఆధారపడవలసి వచ్చింది. 1921లో గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళినపుడు నిషేధాజ్ఞను ధిక్కరించి ప్రసంగించినందుకు అరెస్టు అయ్యాడు. ఒక సంవత్సరం శిక్ష పడి తిరుచిరాపల్లి జైలులో ఉన్నాడు. నాయకుడు లేక, నిధులు తరిగి, ప్రభుత్వ ఒత్తిడి పెరిగి ప్రజలు 1922లో క్రమంగా తమ ఇళ్ళకు తిరిగి వచ్చారు.

ఉద్యమం అనుకున్న ఫలితాన్ని వెంటనే సాధించలేదు. కానీ ఒక ఊరు మొత్తం ఒక్కమాటమీద నిలబడి, హింస లేకుండా, దాదాపు ఏడాదిపాటు తన పరిపాలనను తానే నడుపుకోగలదని నిరూపించింది.

పెదనందిపాడు పన్నుల నిరాకరణ

పెదనందిపాడు గుంటూరుకు దక్షిణంగా నల్లరేగడి భూములలో ఉంది. చీరాల సమస్య ఊరిలో పుట్టి జాతీయోద్యమంతో కలిసింది. పెదనందిపాడులో సహాయ నిరాకరణోద్యమ కార్యక్రమం ఊరి శిస్తు వ్యవస్థను పట్టుకున్నది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో 1922 తొలి నెలలలో ఈ ఫిర్కాలోని గ్రామాల రైతులు భూమిశిస్తు చెల్లించడానికి నిరాకరించారు. శాంతిసేన అనే సేవాదళం గ్రామాలలో కట్టుబాటును, శాంతిని కాపాడింది.

ఈ ఉద్యమంలో ముఖ్యమైన అంశం గ్రామాధికారుల రాజీనామాలు. భూముల లెక్క కరణం వద్ద, వసూలు మునసబు వద్ద ఉండేవి. వారు తప్పుకుంటే ఎవరు ఎంత బాకీ ఉన్నారో పైఅధికారులకు తెలిసే మార్గం మూసుకుపోతుంది. ప్రభుత్వం సైన్యాన్ని రప్పించి, జప్తులకు పూనుకుంది. వచ్చిన అధికారులకు బండ్లు, భోజనం దొరకకుండా గ్రామస్థులు సహాయ నిరాకరణ చేశారు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరా సంఘటన జరిగిన తరువాత గాంధీ దేశవ్యాప్తంగా శాసనోల్లంఘనను నిలిపివేయగా ఇక్కడి ఉద్యమం కూడా ఆగిపోయింది. ఊరి వెలుపల తీసుకున్న నిర్ణయంతో ఊరి ఉద్యమం ముగియడం దీనిలో గమనించదగినది.

సాగునీటి కోసం ప్రయత్నాలు

స్వాతంత్ర్యం తరువాత ఈ ప్రాంత ప్రజల ప్రధాన కోరిక సాగునీరు. కృష్ణా నీటిని ఇతర పథకానికి తరలించాలన్న ప్రతిపాదన వచ్చినపుడు, నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ రైతులను కూడగట్టి కృషి చేశాడు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ స్థలాన్ని పరిశీలించి అనుకూలంగా నివేదిక ఇచ్చింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. కుడి కాలువ క్రింద గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టభూములకు నీరు అందింది.

ఇక్కడ పద్ధతి వేరు. నిరాకరణ స్థానంలో సాంకేతిక సమాచారం ఆయుధమైంది. కోరిక న్యాయమైనదని చెప్పడంతో సరిపెట్టక, స్థలం అనువైనదని నిపుణులకు చూపించవలసి వచ్చింది.

ఆధునిక సాధనాలు

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ స్థానం కల్పించింది. 2005 అక్టోబరు 12 నుండి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఒకప్పుడు కరణం కట్టలో ఉండిన లెక్కను ఇప్పుడు సామాన్యుడు దరఖాస్తు చేసి అడగవచ్చు. ఉపాధి హామీ పనులలో ప్రవేశపెట్టిన సామాజిక తనిఖీలో హాజరు పట్టీలను గ్రామస్థుల ముందు పైకి చదువుతారు. ఇది పఠన మందిరంలో పత్రిక చదివిన పద్ధతికి దగ్గరగా ఉంది.

అంతర్జాలంలో ఊరికి లేదా పేటకు చెందిన పుటలు కూడా ఇటువంటి పనికి ఉపయోగపడతాయి. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో గ్రామాల వ్యాసాలు ఉన్నాయి. విజ్ఞాన సర్వస్వం ఉద్యమ వేదిక కాదు. కాని ఊరి జనాభా, విద్యాసంస్థలు, నీటి వసతి వంటి వివరాలు ఒకచోట ఉంటే అర్జీ వ్రాసేవారికి ఆధారం దొరుకుతుంది. ఊరివారు స్వయంగా నడిపే పుటలో ఉండదగినవి ఇవి:

పంచాయితీ తీర్మానాల ప్రతులు, తేదీలు
ఇచ్చిన అర్జీలు, వాటికి వచ్చిన జవాబులు
మంజూరైన పనులు, కేటాయించిన మొత్తాలు, పని జరిగిన స్థితి
పాడైన కాలువ, రోడ్డు మొదలైనవాటి తేదీతో కూడిన ఛాయాచిత్రాలు

ఈ సాధనాలకు పరిమితులు ఉన్నాయి. చదువు, ఫోను లేనివారు, ముఖ్యంగా కూలీలు, వృద్ధులు, వెనుకబడిపోయే ప్రమాదం ఉంది. నిర్ధారణ కాని మాట త్వరగా వ్యాపిస్తుంది. నిర్వహించేవారు మానివేస్తే పాత వివరాలే నిలిచిపోతాయి. కనుక పుటలోని విషయాన్ని గ్రామసభలో చదివి వినిపించడం, సభలో తేలినదానిని పుటలో చేర్చడం, రెండూ జరగాలి.

ఉద్యమాల ఫలితాలపై ప్రభావం చూపిన అంశాలు

సమస్య స్పష్టంగా ఉండడం: చీరాలలో ప్రతి ఇంటికీ తన పన్ను ఎంతో తెలుసు.
అన్ని కులాలవారికీ స్థానం: రామనగరం పంచాయితీ దీనికి ఉదాహరణ.
జీవనోపాధి: ఉపాధి దెబ్బతింటే ఎంత పట్టుదల ఉన్నా ఉద్యమం ఎక్కువకాలం నిలువదు.
నాయకత్వం: ఒక్కరిపైనే ఆధారపడితే ఆ ఒక్కరి అరెస్టుతో ఉద్యమం బలహీనపడుతుంది.
వ్రాతపూర్వక ఆధారాలు: లెక్క ఎవరి చేతిలో ఉంటే వారి మాట చెల్లుతుంది. పెదనందిపాడు గ్రామాధికారుల రాజీనామాలలో, నందికొండ ప్రయత్నంలో, సమాచార హక్కులో కనిపించే సూత్రం ఇదే.

ఇవి కూడా చూడండి

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య
పర్వతనేని వీరయ్య చౌదరి
సారస్వత నికేతనం
ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం
నాగార్జునసాగర్
సమాచార హక్కు చట్టం