ఓర్చుకొనదగని నొప్పి

తలనొప్పి వచ్చిన నలుగురికి జెప్పుకొందుము. పొత్తికడుపు నొప్పియు, దాంపత్యమునందలి బాధయు తల్లికైనను జెప్పము. "కాపురమన్న తరువాత ఓర్చుకొనవలెను" అను పెద్దల మాట మాకు సమ్మతము కాదు. సంగమమున మిక్కిలి నొప్పి కలుగుటను సుశ్రుతసంహితయే 'పరిప్లుత' యను రోగమునకు లక్షణముగా జెప్పినది.

కారణములు పెక్కులు. పాలిచ్చు తల్లులకును, ముట్లుడిగిన వారికిని ఈస్ట్రోజెను తగ్గి యోని పొడిబారును. గర్భాశయపు లోపొరను బోలిన కణజాలము వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిస్ సుమారు 10 మందిలో నొకరికి గలదు. ముట్టునొప్పితో మంచము పట్టు పిల్లను "పెండ్లియైన తగ్గును" అని ఊరకుండుటచే నది యేండ్ల తరబడి బయటపడదు. కొందరికి యోని చుట్టునున్న కండరములు తమంత బిగుసుకొనును. ఇది కనురెప్ప మూతపడుట వంటిది, మొండితనము కాదు. సహించినకొలది బిగువు హెచ్చును.

కావున నొప్పి కలిగినచో నాగవలెను, భర్తకు జెప్పవలెను. (మగవారికి మాత్ర మిది యెవరు నేర్పిరని మా పంతులుగారి ప్రశ్న!) పొడిదనమునకు నీటితో జేసిన జారుడు లేపనములు మందుల దుకాణములందు దొరకును, కొబ్బరినూనె రబ్బరు కండోములను జెరుచును. కండరములను సడలించు విధమును ఫిజియోథెరపీ నిపుణురాలు నేర్పును. జ్వరము, దుర్వాసనగల తెల్లబట్ట, సంగమానంతర రక్తస్రావము ఉన్నచో జాగు చేయక స్త్రీవైద్యురాలి కడకు బోవలెను. పరీక్షించునపుడు నొప్పి కలిగిన, "ఆపుడు" అని యామెకును జెప్పవచ్చును.