'పార్టిషన్' పదం: అర్థవ్యాప్తి, తెలుగు సమానార్థకాలు

ఇంగ్లీషులోని 'పార్టిషన్' పదానికి తెలుగులో 'విభజన' అని రాసి ముందుకు సాగటం అనువాదకులకు అలవాటు. చాలా సందర్భాలలో ఆ మాట సరిపోతుంది. ఆస్తి వ్యాజ్యాలలో మాత్రం సరిపోదు. అక్కడ ఈ పదం రెండు వేర్వేరు చర్యలను సూచిస్తుంది. ఆ రెంటికీ తెలుగు వ్యవహారంలో వేర్వేరు మాటలున్నాయి.

లాటిన్‌లో 'పార్స్' అంటే భాగం. దానికి సంబంధించిన క్రియకు భాగించు, పంచు అని అర్థాలు. ఆ క్రియ నుంచి ఏర్పడిన నామవాచకం ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరి 'పార్టిషన్' అయింది. పంచే పనిని, రెండు భాగాల మధ్య నిలిచే అడ్డును కూడా ఇంగ్లీషు ఈ ఒక్క పదంతోనే చెబుతుంది. ఈ రెండో అర్థంలో తెలుగువారు మాటను యథాతథంగా స్వీకరించారు. కార్యాలయాలలో చెక్కతోనో అద్దంతోనో కట్టిన అడ్డు 'పార్టిషన్' కాగా, మట్టి ఇళ్లలో ఆ పని చేసేది తడిక. గణితంలో ఇదే పదం ఒక పూర్ణసంఖ్యను ధన పూర్ణసంఖ్యల మొత్తంగా రాసే పద్ధతికి పేరు. 4ను అలా 5 విధాలుగా రాయవచ్చు. హార్డీ, రామానుజన్ 1918లో ప్రచురించిన సుప్రసిద్ధ సూత్రం ఈ విధాల సంఖ్యకు సంబంధించినదే.

రాజకీయ ప్రయోగంలో భాషల మధ్య తేడాలు ఆసక్తికరం. 1905 నాటి బెంగాల్ ఘటనకూ 1947 నాటి దేశ ఘటనకూ ఇంగ్లీషులో 'పార్టిషన్' అనే వాడతారు. బెంగాలీలో మొదటిది 'భంగం', రెండవది 'భాగం'. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పేరులో ఉన్నది 'పునర్వ్యవస్థీకరణ'. ఇంగ్లీషు పత్రికలు 'బైఫర్కేషన్' అన్నాయి. తెలుగువారు దేశానికీ రాష్ట్రానికీ 'విభజన' అనే అన్నారు గాని, ఆస్తుల, అప్పుల, నదీజలాల ప్రస్తావన రాగానే 'పంపకం' అన్నారు. విభజనలో దృష్టి విడిపోయిన వస్తువు మీద, పంపకంలో వాటా అందుకునే మనిషి మీద ఉంటుంది. దాయాదులను 'పాలివారు' అనటంలోనూ 'పాలు' అంటే వాటాయే.

మితాక్షర సంప్రదాయంలో 'పార్టిషన్' రెండు దశలు గలది. ఉమ్మడి కుటుంబ సభ్యుని హోదా తెగిపోవటం మొదటిది. హద్దులు నిర్ణయించి ఆస్తిని విడదీయటం రెండవది. మద్రాసు ప్రాంతం నుంచి వెళ్లిన అప్పోవియర్ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ 1866లో ఈ తేడాను స్పష్టం చేసింది. వాటాలను నిర్ణయించుకుని ఒప్పందం రాసుకుంటే, భూమి కొలవకపోయినా ఉమ్మడి హోదా ముగిసినట్లే. తెలుగులో మొదటి దశ 'వేరుపడటం', రెండవది 'పంచుకోవటం'. అన్నదమ్ములు వేరుపడ్డారు గాని ఇంకా పంచుకోలేదు అంటే ఏ పల్లెలోనైనా అర్థమవుతుంది. రెంటికీ 'విభజన' అనే రాస్తే ఆ వాక్యానికి అర్థమే ఉండదు.

ఈ తేడా మీద బతుకులు ఆధారపడ్డాయి. పాత నియమం ప్రకారం కొడుకులు లేనివాడు వేరుపడకుండా మరణిస్తే అతని వాటా మిగిలిన పాలివారికి పోయేది, భార్యకు భరణమే మిగిలేది. వేరుపడిన తరువాత మరణిస్తే, పొలం గట్లు ఇంకా వేయకపోయినా, ఆ వాటా ఆమెకు వారసత్వంగా దక్కేది.

కుమార్తెల హక్కు విషయంలో ఈ పదం మరో మలుపు తిరిగింది. ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణ వివాహిత, అవివాహిత భేదం లేకుండా కుమార్తెలందరికీ ఆ హక్కు ఇస్తూ, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పార్టిషన్‌లను మినహాయించింది. ఆ మినహాయింపు కోసం పదానికి ప్రత్యేక నిర్వచనం కూడా ఇచ్చింది: రిజిస్టరైన దస్తావేజు ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగినదే పార్టిషన్. వేరుపడటం మాత్రమే చాలదు. పెద్దమనుషుల ముందు నోటిమాటగా జరిగిన పంపకం, రిజిస్టరు కాని పారీఖత్తు కూడా ఈ నిర్వచనంలోకి రావు.

వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఈ నిర్వచనాన్ని గట్టిగానే సమర్థించింది. నోటి పంపకం జరిగిందన్న వాదనను, ప్రభుత్వ పత్రాల బలమున్న అసాధారణ సందర్భాలలో తప్ప, అంగీకరించరాదన్నది. ప్రాథమిక డిక్రీ వచ్చినా తుది డిక్రీ వెలువడనంతవరకు కుమార్తెకు వాటా కల్పించవచ్చునన్నది. ఇటువంటి తీర్పులను తెలుగు చేసేటప్పుడు హోదాకు సంబంధించిన చోట 'వేరుపడటం', ఆస్తికి సంబంధించిన చోట 'పంపకం', చట్టం నిర్వచించిన అర్థంలో 'పార్టిషన్' అనే మాటనే ఉంచటం మేలు. మూడవ సందర్భంలో తెలుగు మాట పెడితే, నోటి పంపకం కూడా అందులోకి వస్తుందని చదువరి భ్రమపడే అవకాశముంది.