పొట్లం తెమ్మని పిల్లవాణ్ణి పంపవద్దు



నూలు ధరలు, కూలి రేట్లు మన పత్రికలో ఎప్పుడూ ఉండే సంగతులే. ఈసారి మగ్గాన్ని కాసేపు ఆపి, మన ఇండ్లలో పన్నెండు మొదలు పదహారేండ్ల వరకు వయసున్న పిల్లలను గురించి మాట్లాడుకొందాము. 2019లో దేశమంతటా బడిపిల్లలపై జరిగిన సర్వేలో, 13 నుండి 15 ఏండ్ల వారిలో నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలినది. నమిలే పొగాకు రుచి చూచిన పిల్లలలో సగానికి పైగా పదవ యేడు నిండక ముందే మొదలుపెట్టినారు.

ఎవడో చెడ్డవాడు వచ్చి మన బిడ్డను చెడగొట్టునని మనకు భయం. ఒక్కసారి షోలాపూరులోని మరమగ్గాల షెడ్డును తలచుకొనండి. బడి వదలిన తరువాత పిల్లవాడు తండ్రికి అన్నం డబ్బా తెస్తాడు. సాంచాల మోతలో ఒక కార్మికుడు పది రూపాయలు చేతిలో పెట్టి, మావా పొట్లం తెమ్మంటాడు. మరునాడు తండ్రే పంపుతాడు. నాలుగు దినాలలో దుకాణం అలవాటవుతుంది, సరుకు పేరు నోటికి వస్తుంది, చిల్లర జేబులో మిగులుతుంది. పిదప ఒకనాడు తనకంటె రెండేండ్లు పెద్దవాడు చిటికెడు తీసి ఇచ్చి, "ఇంకా చిన్నపిల్లవానివేనా?" అని నవ్వుతాడు. పిల్లవాడు లొంగేది ఆ నవ్వుకే. దుకాణపు దారి చూపినది మాత్రం మనము.

కనుక తల్లిదండ్రులు చేయవలసిన మొదటి పని ఏమనగా, పొట్లం కోసం గాని, బీడీకట్ట కోసం గాని, సీసా కోసం గాని పిల్లలను పంపకుండుట. పెండ్లినాడు, పండుగనాడు "ఒక్క గుక్కకు ఏమవుతుందిలే" అని పిల్లవాని చేతికి గ్లాసు ఇచ్చే మామలను, బాబాయిలను కూడ అక్కడికక్కడే వారించవలెను. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏండ్లు నిండనివారికి పొగాకు సరుకు అమ్మరాదు. బడికి 100 గజాల లోపల ఎవరికీ అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పిల్లలకు మద్యం గాని పొగాకు గాని ఇచ్చినవారికి 7 ఏండ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జుల్మానా పడవచ్చును. మహారాష్ట్రలో గుట్కాను 2012లోనే నిషేధించినారు. బడి ప్రక్కనే పొట్లాలు అమ్ముతూ ఉంటే, ఒక్కరు వెళ్లి తగవు పడేకంటె పేటలోని నలుగురు పెద్దలు కలిసి వెళ్లి దుకాణదారునికి ఈ చట్టం సంగతి చెప్పుట మేలు.

ఇక మనలను ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటి ఉన్నది. షోలాపూరులో ఎందరో మన తల్లులు, అక్కచెల్లెండ్రు బీడీలు చుట్టి సంసారం ఈదుతున్నారు. "అమ్మా, నువ్వు దినమంతా చుడుతున్నావు గదా, నేను ఒక్కటి తాగితే తప్పేంది?" అని కొడుకు అడిగితే ఏమని చెప్పవలెను? కోపపడనక్కరలేదు. "బిడ్డా, చుట్టిన కూలి మన కడుపు నింపింది. తాగిన పొగ ఎవ్వరి కడుపు నింపలే. ఈ పని నీదాకా రావద్దనే నిన్ను చదివిస్తున్న" అని ఉన్నమాట చెప్పవచ్చును. తంబాకు చేటను పిల్లలు పడుకొనే చోటికి, వంట చేసే చోటికి దూరంగా ఉంచవలెను. పని ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

"మావాడు తంబాకు ముట్టడు, ఉత్త సుపారీయే" అని కొందరు ఊరడిల్లుతారు. ఇది పొరపాటు. పొగాకు కలపని వక్క కూడ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రకటించినది. వక్క అలవాటు వలన బుగ్గల లోపలి పొర బిగిసి, రానురాను నోరు తెరుచుకొనదు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడే తల్లి దీనిని పసిగట్టవచ్చును. నిన్నటి వరకు ఇష్టంగా తిన్న కారం ఇప్పుడు నోరు మండుతున్నదని పిల్లవాడు కంచం నెట్టివేస్తే, తన మూడు వేళ్లు కలిపి నిలువుగా నోటిలో పెట్టి చూడుమనండి. పట్టకపోతే ఆలస్యం చేయక దంతవైద్యునికి చూపవలెను. ఒడిశాలోని మనవారు మరొక సంగతి గుర్తుంచుకొనవలెను. పండ్లు తోముకొనే గుడాఖులో ఉన్నది కూడ పొగాకే. ఆడపిల్లలకు దానిని అలవాటు చేయరాదు.

స్నేహితుల మధ్య "వద్దు" అనుట పెద్దలకే కష్టం. పిల్లవానికి ఆ మాటను ముందే నేర్పి ఉంచవలెను. "వద్దన్నా, నాకు పడది" అని ఒక్క ముక్క అని, అక్కడ నిలబడకుండా కదలిపొమ్మని చెప్పండి. "మా నాయన నోరు వాసన చూస్తడు" అని తప్పు మన మీద వేసినా సరే. ఇటువంటి మాటలు ఎదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసంగా చెప్పితే చెవికెక్కవు. కండెలు చుట్టేటప్పుడు, కలిసి నడిచేటప్పుడు కొంచెం కొంచెంగా చెప్పవలెను.

ఒకనాడు జేబులో పొట్లం దొరికినదే అనుకొనండి. చేయి ఎత్తవద్దు. కొట్టిన పిల్లవాడు మానడు, దాచడం నేర్చుకొంటాడు. "ఎవరిచ్చిండ్రు బిడ్డా? ఎన్ని దినాల నుండి? కొట్టను, చెప్పు" అని అడగండి. పొగాకు మాన్పించుటకు 1800 11 2356, మద్యం, మత్తుపదార్థాల విషయంలో 14446, ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098 నంబర్లకు ఫోను చేయవచ్చును. వీటికి రుసుము లేదు. తండ్రికే ఆ అలవాటు ఉంటే, "నేనూ మానలేక బాధపడుతున్న, ఇద్దరం కలిసి మానుదాం" అని చెప్పుట చిన్నతనం కాదు.

పోగు తెగితే మగ్గం ఆపి అతుకుతాము, పోగును తిట్టము. చూచీ చూడనట్లు నేసుకొంటూ పోతే గుడ్డ అంతా చెడుతుంది. మన బిడ్డల విషయంలోనూ ఆ ఓర్పు, ఆ మెలకువ చూపవలెనని మనవి.