చేయడం లేదా? చేయలేకపోతున్నాడా?

"మీ వాడు మాట వినడు" అనే ఫిర్యాదు వినని తల్లిదండ్రులు మనలో ఎవరున్నారు? బడి నుండి ఒకటి, మక్తబ్ నుండి ఒకటి, పక్కింటి నుండి ఇంకొకటి. వినీ వినీ మనం చేసేది సాధారణంగా ఒక్కటే. కోప్పడతాం. అదీ చాలకపోతే చెయ్యి చేసుకుంటాం. మేమూ రెండేళ్ళపాటు అదే చేశాం. అది పొరపాటని తెలిశాక మా ఇంటి సంగతి నలుగురికీ చెప్పడం మంచిదనిపించింది.

మా చిన్నవాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. తెలివికి లోటు లేదు. విన్న కథ నెల తర్వాత కూడా పొల్లుపోకుండా చెబుతాడు. కాని లెక్కలు ఒక్క పేజీ పూర్తి చేయడు. అన్నం ముందు నుంచి నాలుగుసార్లు లేస్తాడు. మక్తబ్‌లో సబఖ్ చదువుతూ చదువుతూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాడు. కావాలనే చేస్తున్నాడన్నారు బడిలో. దిష్టి తగిలిందన్నారు బంధువులు. తావీజు కట్టించాం. మార్పు లేదు. ఒకరోజు దెబ్బలు తిన్నాక వాడు ఏడుస్తూ, "అమ్మీ, కూర్చోవాలనే అనుకుంటాను, నా వల్ల కావడం లేదు" అన్నాడు. ఆ మాటతో మా చెయ్యి ఆగిపోయింది.

తెలిసినవారి సలహాపై పిల్లల మానసిక వైద్యురాలి వద్దకు బయలుదేరాం. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని అత్తగారు కంటతడి పెట్టారు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధనే కదా అని మావారు నచ్చజెప్పారు. చివరికి ఆమె కూడా వెంట వచ్చారు. ఆమె రావడమే మేలయింది.

పరీక్ష ఎలా జరుగుతుంది?

రక్తం తీస్తారనీ, తలకు స్కానింగు చేస్తారనీ అనుకుంటూ వెళ్ళాం. ఏడీహెచ్‌డీని, అంటే ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం, తొందరపాటు కలిసిన ఈ స్థితిని నిర్ధారించే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. అడిగి, విని, చూసి తెలుసుకోవలసిందే.

ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించమన్నారు. సరిగా వినపడని పిల్లవాడు కూడా పరధ్యానంగానే కనిపిస్తాడు. నిద్ర చాలకపోయినా, ఇంట్లో భయం ఉన్నా, కొన్ని రకాల మూర్ఛలోనూ ఇలాగే ఉండవచ్చునట. తర్వాత ప్రశ్నల పత్రాలు రెండు ఇచ్చారు. ఒకటి మాకు, ఒకటి బడిలో టీచరుకు. వాడి నోటు పుస్తకాలు, మార్కుల కార్డులు తెమ్మన్నారు. వాడితో విడిగా మాట్లాడారు. ఇదంతా ఒక్కరోజులో తేలలేదు. మూడుసార్లు తిరిగాం.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ధ్యాసకు సంబంధించి తొమ్మిది, కదలికకూ తొందరపాటుకూ సంబంధించి తొమ్మిది లక్షణాలున్నాయి. పిల్లలలో ఏదో ఒక వర్గంలో కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, జీవితానికి ఆటంకం కావాలి. ఇంట్లో మాత్రమే అల్లరి చేసే పిల్లవాడికి ఈ పేరు పెట్టరాదు.

ఆడపిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. చాలామంది గంతులు వేయరు. నెమ్మదిగా కూర్చుని ఆలోచనల్లో మునిగిపోతారు. "బుద్ధిమంతురాలే, కాని మందమతి" అనేస్తాం. పరీక్ష దాకా తీసుకెళ్ళం.

నలభై ఏళ్ళ తర్వాత

వైద్యురాలు ప్రశ్నలు అడుగుతుంటే మావారు మౌనంగా ఉండిపోయారు. వస్తువులు పోగొట్టుకుంటాడా? మొదలుపెట్టిన పని వదిలేస్తాడా? చివరికి "ఇవన్నీ నన్ను అడుగుతున్నట్టే ఉంది" అన్నారు. అత్తగారు వెంటనే అందుకున్నారు. "వీడూ అంతే. పలకలు ఎన్ని పోగొట్టాడో లెక్కే లేదు!"

ఏడీహెచ్‌డీ కుటుంబాలలో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. పెద్దవారికీ పరీక్ష ఉంది. పదిహేడేళ్ళు దాటినవారికి ఒక వర్గంలో అయిదు లక్షణాలు చాలు. అయితే కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్ళ లోపే ఉండి తీరాలి. అందుకే చిన్ననాటి సంగతులు తెలిసినవారి మాట విలువైనది. మావారికి అత్తగారే సాక్షి అయ్యారు. రకాతుల లెక్క ఎప్పుడైనా తప్పడం అందరికీ ఉన్నదే. ఆయనకు కరెంటు బిల్లు గడువు ప్రతినెలా తప్పుతుంది. డిగ్రీ సగంలో ఆగింది. ఉద్యోగాలు నాలుగు మారాయి. వేరొక వైద్యుడు పరీక్షించి ఆయనకూ ఉందన్నారు. ఆ రాత్రి ఆయన, "నలభై ఏళ్ళు నేను పనికిరానివాడిననే అనుకున్నాను" అన్నారు.

తర్వాత ఏమిటి?

వాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టారు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఇస్తున్నాం. చేసినదాన్ని వెంటనే మెచ్చుకోవడం మేము నేర్చుకున్నాం. మందు కూడా రాశారు. ఈ మందులతో ఆకలి, నిద్ర తగ్గవచ్చు. కనుక బరువు, రక్తపోటు చూస్తూ ఉంటారు. రమజాన్‌కు ముందే మావారు వైద్యుణ్ణి అడిగి మాత్ర వేళ మార్చుకున్నారు. ఎవరూ సొంతంగా మానేయకూడదు, మార్చుకోకూడదు.

పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ వరకు ఉచితంగా చూస్తారు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు 2022లో ప్రారంభమైన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పరీక్షలో "లేదు" అని తేలినా నష్టం లేదు. అసలు ఇబ్బంది ఏమిటో తెలుస్తుంది. పిల్లలు మన చేతిలో పెట్టిన అమానత్. చెయ్యి ఎత్తే ముందు ఒక్కసారి ఆలోచిద్దాం. వాడు చేయడం లేదా, చేయలేకపోతున్నాడా? మాకు ఆ ప్రశ్న రెండేళ్ళు ఆలస్యంగా తట్టింది. మీకు ఆలస్యం కాకూడదు.